పెడల్ అరగకుండా స్కాట్లాండ్ చుట్టి రండి

స్కాట్లాండులో ఎండ కాసే ఆదివారం చేజిక్కిందంటే జనం ఇంటిపట్టున ఉండరు. గోడకి ఆనించిన సైకిల్ దులిపి, పొద్దున్నే పల్లెదారి పట్టి, చీకటి పడేలోగా ఇల్లు చేరతారు. గ్లాస్గోలో, ఎడిన్‌బరోలో ఉన్న మనవాళ్లలోనూ కొందరికి ఈ సరదా అంటుకుంది. మీకూ అంటుకోవాలి. ఆ గుంపులో మీరు ఉండాలి, ఫొటోలో మధ్యన ఉండాలి. తొక్కాలని మాత్రం నేనెక్కడా అనలేదు.

కష్టమంతా అక్కడివాళ్లు ఎప్పుడో పడేశారు. డంఫ్రీస్ వైపు పల్లెలో కిర్క్‌పాట్రిక్ మాక్‌మిలన్ అనే కమ్మరి 1839లో కాళ్లతో నడిపే సైకిల్ తయారుచేశాడని చెప్పుకుంటారు. 1842లో దానిమీద గ్లాస్గో దాకా వచ్చి, ఒక పిల్లకి తగిలించి, 5 షిల్లింగుల జరిమానా కట్టింది అతనేనని ఒక కథ. చరిత్రకారులు అంత తేలిగ్గా ఒప్పుకోరు. నాకు నచ్చనిదల్లా జరిమానా కట్టడం. ఎయిర్‌షైర్‌లోని డ్రెగ్‌హార్న్‌లో పుట్టిన పశువుల డాక్టరు డన్‌లప్ బెల్‌ఫాస్ట్‌లో కొడుకు మూడుచక్రాల బండికి గాలి టైరు తొడిగి, 1888లో పేటెంటు తీసుకున్నాడు. అంతకు నలభై ఏళ్లకు ముందే స్టోన్‌హేవెన్‌కి చెందిన థామ్సన్ అలాంటిదే ఒకటి కనిపెట్టాడు గానీ అది జనంలోకి పోలేదు. ఇంతమంది ఇంత బుర్ర ఖర్చుపెట్టాక మళ్లీ మనం ఒళ్లు ఖర్చుపెట్టడం వాళ్లని అవమానించినట్టే.

కాబట్టి మంచి సవారీ అంటే ఏమిటో ముందే తేల్చుకుందాం. కిలోమీటర్లు పక్కవాడి కాళ్లవి కావాలి, కాఫీ పక్కవాడి జేబులోంచి రావాలి, సానుభూతి మాత్రం మొత్తం మనకే దక్కాలి. ఈ మూడూ కుదిరితే రాత్రి వానలో ఏ ప్లాట్‌ఫారం మీదో ఒంటరిగా వణుకుతూ నిలబడ్డా సరే, రోజు సార్థకమైనట్టే.

1. ముందు చాటింపు, తర్వాత దారి

సవారీలో సగం గొప్ప బయల్దేరకముందే వచ్చేయాలి. అందుకని బుధవారమే అందరికీ చెప్పండి. చెప్పే పేరు బరువుగా ఉండాలి. కంబ్రే దీవి అనకండి. లార్గ్స్ నుంచి పడవలో పది నిమిషాల దూరం, చుట్టూ తిరిగితే 16 కిలోమీటర్లు, దాదాపు అంతా చదును, మిల్‌పోర్ట్‌లో ఐస్‌క్రీము, ఒడ్డున మొసలిలా రంగులేసిన బండరాయి. వెనక సీట్లో చంటిపిల్లల్ని కూర్చోబెట్టుకున్న సంసారులు కూడా నవ్వుతూ తిరిగొస్తారు. నవ్వుతూ తిరిగొస్తే చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది?

అరన్ దీవి చుట్టూ 90 కిలోమీటర్లు అనండి. ఇంకా నోరు తిరిగితే ఆపిల్‌క్రాస్ దారిలోని బెలాహ్ న బా కనుమ అనండి. సముద్రపు ఒడ్డున మొదలై 626 మీటర్ల ఎత్తుకి పోతుంది. ఏటవాలు ఎక్కువున్నచోట ఐదు అడుగులు ముందుకి వేస్తే ఒక అడుగు పైకి లేస్తారు. వెళ్లక్కర్లేదు, అన్నారంటే చాలు. శుక్రవారం రాత్రి నిట్టూర్చి, ‘మీ కోసం తగ్గించాను’ అని ట్రోసాక్స్‌కి దిగండి. బాలోక్ దాకా రైలు, అక్కడినుంచి 7వ నంబరు జాతీయ సైకిల్ దారిలో డ్రిమెన్ మీదుగా ఆబర్‌ఫాయిల్, ఆపైన డ్యూక్స్ పాస్ ఎక్కి దిగితే లోక్ కాట్రిన్ సరస్సు, దాని పడమటి కొసనుంచి లోక్ ఆర్డ్ ఒడ్డు పట్టుకుని మళ్లీ ఆబర్‌ఫాయిల్. మ్యాపులో వేలితో గీస్తే జానెడు కూడా ఉండదు. మ్యాపులో ఎత్తులు చూపించే గోధుమరంగు గీతలుంటాయి, వాటి జోలికి పోకండి. చూస్తే ఇంట్లోనే ఉండిపోవాలనిపిస్తుంది, అప్పుడు ఈ చిట్కాలన్నీ వృథా.

2. సైకిల్ కొనకండి, మెతక మిత్రుణ్ని పట్టండి

సైకిల్ కొంటే దాన్ని తుడవాలి, గొలుసుకి నూనె పెట్టాలి, మెట్లమీద మోసుకెళ్లాలి. మెతక మిత్రుడైతే ఇవన్నీ తనే చేసుకుంటాడు. రెండు సైకిళ్లున్నవాడు, ‘లేదు’ అనడం రానివాడు, ముఖ్యంగా వెడల్పాటి వీపున్నవాడు కావాలి. వీపు ఎందుకో ఏడో చిట్కాలో చెబుతాను.

అడిగేటప్పుడు ‘అన్నా, నీ పాత సైకిల్ ఊరికే తుప్పు పడుతోంది కదా’ అని జాలి అతని సైకిల్ మీద చూపించండి. సీటు ఎత్తు సరిచేసుకోకండి. సీటు కిందికుంటే మోకాళ్లు నొప్పెడతాయి, ఆ నొప్పి సాయంత్రం పనికొస్తుంది.

3. పంపు, ట్యూబ్ మోయకండి

బరువు దండగ. మన ఊళ్లో ప్రతి మలుపులో ఒక టైరు వేలాడదీసి, నీళ్ల తొట్టి పక్కన పెట్టుకుని పంక్చరు వేసే మనిషి కూర్చుని ఉంటాడు. ట్రోసాక్స్ అడవిలో మాత్రం ఉండకపోతాడా! ఆ ధైర్యంతో వెళ్లండి. అక్కడ పొలాల చుట్టూ హాథార్న్ ముళ్లకంచెలు పెంచుతారు, అవి కత్తిరించిన రోజుల్లో రోడ్డంతా ముళ్లు రాలి ఉంటాయి. ఆ ముల్లు ఒకటి టైరులో దిగి ‘స్స్’ మన్నప్పుడు మీరు చెయ్యాల్సింది ఒకటే: సైకిల్ యజమాని వైపు బాధగా చూసి, ‘టైరు పాతదనుకుంటా అన్నా’ అనడం. అతను మోకాళ్లమీద కూర్చుని, చక్రం ఊడదీసి, వేళ్లతో టైరు లోపల తడిమి ముల్లు తీసి, తన ట్యూబ్ మీకు వేసి, తన పంపుతో గాలి కొడతాడు. మీరు చేతులు మాసిపోకుండా పక్కన నిలబడి, ‘చాలు చాలు, ఎక్కువైతే పేలుతుంది’ అని పర్యవేక్షించండి. పంక్చరు వేయడం నేర్చుకున్నవాడు జీవితాంతం వేస్తూనే ఉంటాడు. తెలిసి తెలిసి ఆ ఊబిలోకి దిగకండి.

4. బట్టలు ఫొటోకి, వాతావరణానికి కాదు

పడమటి కొండల్లో కొన్నిచోట్ల ఏడాదికి 3,000 మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది. తూర్పున ఎడిన్‌బరోలో 700 దగ్గర ఆగుతుంది. మీరు వెళ్లేది పడమటికి. బయల్దేరేటప్పుడు కిటికీలోంచి చూడండి, నీలంగా ఉంటే ఇక వానకోటు ఎందుకు? జీన్స్ వేసుకోండి. నూలు టీషర్టు మరీ మంచిది, తడిస్తే ఒంటికి అతుక్కుని సాయంత్రం దాకా వదలదు. చలికి పళ్లు కటకటలాడినప్పుడు మెతక మిత్రుడి సంచిలో ఇంకో కోటు ఉంటుంది. అది ఉండేది అతనికే, కానీ ముందు వణికినవాడిదే కోటు.

5. తీరిగ్గా బయల్దేరండి

జూన్‌లో అక్కడ రాత్రి పదింటిదాకా వెలుతురుంటుంది. కాబట్టి మధ్యాహ్నం పన్నెండింటికి లేచినా పది గంటల పగలు చేతిలో ఉన్నట్టే. ఈ లెక్క ఒకసారి కంఠతా పట్టండి, డిసెంబరులోనూ ఇదే వాడండి. డిసెంబరులో మూడూ నలభైకే సూర్యుడు కొండ దిగిపోతాడు. అది ఆయన సమస్య. చీకటిపడ్డాక ముందు తెల్లదీపం, వెనక ఎర్రదీపం ఉండాలని చట్టం. మీ ముందు మెతక మిత్రుడి ఎర్రదీపం వెలుగుతూనే ఉంటుంది. ఒకటి చాలదా?

6. రైల్లో సైకిల్ పెట్టే కళ

స్కాట్‌రైల్ బండ్లలో సైకిల్‌కి చార్జీ లేదు. ఉచితం అనగానే ఆ సౌకర్యం మన ఒక్కరికోసమే పెట్టారని అర్థం. దూరం వెళ్లే బండ్లలో చోటు ముందే రిజర్వు చేసుకోవాలి. వెస్ట్ హైలాండ్ దారిలో ఓబన్ బండికి 2021లో ఒక పెట్టెనే ప్రత్యేకంగా 20 సైకిళ్లకి తగిలించారు. అందులోనూ బుక్ చేసుకున్నవాళ్లకే చోటు. మీరు బుక్ చేసుకోకుండా వెళ్లి, ‘మా దేశంలో రైలుకి బయట కట్టి కూడా తీసుకెళ్తారు’ అని గార్డుకి కథ మొదలుపెట్టండి. బండి ఆలస్యమయ్యేకొద్దీ పెట్టెలో మీకు గుర్తింపు పెరుగుతుంది.

బాలోక్ బండి లోకల్ కాబట్టి ఆ గొడవ లేదు. సైకిల్‌ని తలుపుకి అడ్డంగా ఆనించి, మీరు రెండు పెట్టెల అవతల కిటికీ సీటు చూసుకోండి. ఎవరైనా ‘ఎవరిదీ సైకిల్?’ అని కేకేస్తే మీరూ తలెత్తి చుట్టూ చూస్తూ, ‘అవును, ఎవరిదో!’ అనండి. పిల్లల బండి తోసుకుంటున్న తల్లి దిగాల్సిన స్టేషన్ దాటిపోయాక గొడవ దానంతటదే చల్లారుతుంది.

7. గాలి, వీపు, షూ లేసు

ఈ చిట్కా జాగ్రత్తగా చదవండి. మిగతావన్నీ మరిచిపోయినా ఫరవాలేదు.

స్కాట్లాండులో గాలి ఎక్కువ రోజులు నైరుతి నుంచి వీస్తుంది. బాలోక్‌కి ఆబర్‌ఫాయిల్ ఈశాన్యంగా ఉంటుంది. అంటే వెళ్లేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు పొద్దున ఒంట్లో ఓపిక ఉండగా ఎదురుగాలిలో వెళ్లి, తిరుగుదారిలో గాలిని వెనకేసుకునేలా దారి వేసుకుంటారు. వాళ్లకి ఆత్మవిశ్వాసం లేదు పాపం. మీరు తోసే గాలిలో దూసుకెళ్లండి. పెడల్ ముట్టుకుంటే సైకిల్ పరుగెడుతుంది. అదంతా మీ తొడల బలమేనని నమ్మండి, వినిపించేలా చెప్పండి. ‘ఈమధ్య ఏమీ చెయ్యకుండానే స్టామినా పెరిగింది’ అని డ్రిమెన్ దాటేలోపు రెండుసార్లు అనొచ్చు.

తిరుగుదారిలో అదే గాలి మొహాన కొడుతుంది. ఇప్పుడు వెడల్పాటి వీపు కావాలి. ముందువాడి వెనకచక్రానికి దగ్గరగా పెట్టి తొక్కితే గాలి అతన్నే కొడుతుంది, మీకు శ్రమ బాగా తగ్గుతుంది. పోటీల్లో వంతులవారీగా ముందుకొచ్చి గాలి మోస్తారు. వంతు అన్నమాట వినగానే మీ షూ లేసు ఊడిపోవాలి. దిగి, రెండు బూట్లూ విప్పి, మళ్లీ కట్టుకోండి. లేసు లేని బూట్లయితే ఫోను మోగాలి. ‘అమ్మ అన్నా, తియ్యకపోతే కంగారు పడుతుంది.’ ఈ కొండల మధ్య సిగ్నల్ లేదు కదా అని ఎవడో తెలివైనవాడు అంటాడు. ఫోను వైపు ఆశ్చర్యంగా చూసి, ‘అందుకేనేమో కట్టయిపోయింది’ అనండి.

మూడో వంతుకి బ్రేకు రాసుకుంటోందనాలి. చక్రం పైకెత్తి తిప్పి, తల వంచి, చెవి దగ్గర పెట్టి కళ్లు మూసుకుని వినండి. సైకిల్ గురించి అక్షరం తెలియనివాడికి కూడా ఆ భంగిమలో మెకానిక్కు కళ వచ్చేస్తుంది. ‘ఊఁ, అదే’ అని లేవండి. ఏదని ఎవరూ అడగరు. నాలుగో వంతు రాదు. అప్పటికి మెతక మిత్రుడు అడగడం మానేసి, తల దించుకుని, ఒక్కడే గాలిలోకి తొక్కుతుంటాడు. అతని వీపు చెమటతో తడిసి కోటు రంగు మారుతుంటే వెనకనుంచి ‘బాగా పోతున్నావన్నా, రిథమ్ పోగొట్టుకోకు’ అని ప్రోత్సహించండి.

8. కొండ వస్తే దృశ్యం చూడండి

ఆబర్‌ఫాయిల్ దాటగానే డ్యూక్స్ పాస్ మొదలవుతుంది. 19వ శతాబ్దంలో మాంట్రోజ్ డ్యూక్ వేయించిన దారి. డ్యూక్ గారు సైకిల్ తొక్కి చూసుకున్న దాఖలా లేదు. మొదటి మలుపులోనే దిగి, హ్యాండిల్ మీద మోచేతులు ఆనించి, లోయకేసి చూస్తూ నిలబడండి. ఊపిరి అందనివాడికీ ప్రకృతి ప్రేమికుడికీ బయటికి తేడా కనపడదు. ఎవరైనా పక్కనుంచి ఎక్కుతూ పలకరిస్తే ‘మీరు ఇదంతా మిస్సవుతున్నారు’ అని జాలిపడండి.

గేర్ల విషయంలో ఒకటే సూత్రం: కొండ మధ్యలో, పెడల్ మీద పూర్తి బలం వేసి నిలబడినప్పుడే గేరు మార్చాలి. గొలుసు ఊడిపోతుంది. ఊడాక నడిపించుకెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

9. కాట్రిన్ సరస్సు చూడనక్కర్లేదు

గ్లాస్గోలో ఉన్నారా? అయితే మీరు ఆ సరస్సును రోజూ తాగుతున్నారు. 1859లో విక్టోరియా రాణి వచ్చి కాలువ తెరిచినప్పటినుంచి ఊరి కుళాయిల్లోకి నీళ్లొచ్చేది అక్కడినుంచే. కడుపులోకి వెళ్లినదాన్ని మళ్లీ కళ్లతో చూడటం చాదస్తం.

అయినా మిగతావాళ్లు ఆగరు. 1810లో వాల్టర్ స్కాట్ ‘ద లేడీ ఆఫ్ ద లేక్’ అచ్చయ్యాక జనం ఇక్కడికి ఎగబడ్డారు, ఇప్పటికీ ఆయన పేరు పెట్టుకున్న ఆవిరి ఓడ ఒకటి సరస్సులో ఉంది. మామూలుగా జనం చేసేది, సైకిల్‌ని పడవలో పెట్టుకుని పడమటి వైపున్న స్ట్రోనక్లాకర్ దాకా వెళ్లి, ఉత్తరపు ఒడ్డు దారిలో 13 మైళ్లు తొక్కుకుంటూ బయల్దేరిన రేవుకి తిరిగి రావడం. బయటి కార్లు రాని దారి, ఒక పక్క నీళ్లు, ఒక పక్క కొండ. చదునుగా ఉంటుందని అందరూ అనుకుంటారు, ఉండదు. మీరు రెండు వైపులా పడవకే టికెట్టు తీసుకోండి. సైకిల్‌ని స్ట్రోనక్లాకర్ రేవులో దింపి, హెల్మెట్ కాస్త పక్కకి జరిపి, మొహాన నీళ్లు చల్లుకుని ఫొటో తీయించుకుని, మళ్లీ ఎక్కించండి. ఆఖరి పడవ ఎన్నింటికో ముందే కనుక్కోవడం ఉత్సాహం చంపేస్తుంది. రేవులో తాడు విప్పుతుండగా పరుగెత్తి వెళ్లి, ‘ఆగండి’ అని తెలుగులో అరిచి, ఓడ వెళ్లిపోతే ఆ రేవు బెంచీ మీద కూర్చోవచ్చు. బెంచీ బాగుంటుంది.

10. పాసింగ్ ప్లేసులో పులిహోర

పడవ వెళ్లిపోయాక ఇక రోడ్డే గతి. స్ట్రోనక్లాకర్ నుంచి లోక్ ఆర్డ్ వైపు దారి చాలాదూరం ఒక్క బండి పట్టేంత వెడల్పే. అక్కడక్కడ రోడ్డు కాస్త ఉబ్బి, పక్కన తెల్లటి బోర్డు మీద పాసింగ్ ప్లేస్ అని రాసుంటుంది. ఎదురుగా బండి వచ్చినా, వెనకవాడు దాటి వెళ్లాలన్నా అందులోకి తప్పుకోవాలి. అది ఎడమ పక్కన ఉంటే అందులోకి, కుడి పక్కన ఉంటే దాని ఎదురుగా ఆగాలి. అందులో బండి నిలిపి ఉంచకూడదు.

ఇంత చక్కగా, చదునుగా, రోడ్డు మీదే ఎవరో మనకోసం కట్టి పెడితే వదులుకుంటామా? దుప్పటి పరవండి, డబ్బా మూతలు తీయండి. ఎదురెదురుగా వచ్చిన పాలవ్యాను, క్యాంపర్‌వ్యాను మీ ఇంగువ వాసన దగ్గర ముక్కూ ముక్కూ ఆనించుకుని ఆగుతాయి. వాటి వెనక కార్లు పోగవుతాయి. అక్కడి డ్రైవర్లు దారి ఇచ్చినవాళ్లకి స్టీరింగ్ మీదనుంచి ఒక వేలెత్తి కృతజ్ఞత చెబుతారు. ఈ రోజు మీకు చూపించే వేలు వేరే కావచ్చు. మీరు మాత్రం చేతిలో ఆవకాయ ముక్కతోనే నమస్కారం చెయ్యండి.

తినడం అయ్యి మళ్లీ బయల్దేరాక రోడ్డు మధ్యలోనే తొక్కండి. వెనక కార్ల బారు పెళ్లి ఊరేగింపులా సాగుతుంది, బ్యాండు మేళం లోటు హారన్లు తీరుస్తాయి.

11. చట్టంలో మొదటి సగం చదవండి

2003 నాటి భూసంస్కరణ చట్టం ప్రకారం స్కాట్లాండులో పొలాలమీదుగా, అడవుల్లోంచి నడవడానికీ సైకిల్ మీద వెళ్లడానికీ అందరికీ హక్కుంది. బాధ్యతగా మెలిగినంతవరకు అని తర్వాత ఒక ముక్క ఉంది. చట్టాల్లో తర్వాతి ముక్కలు లాయర్లకోసం. గేటు మూసి ఉంటే తెరిచి వెళ్లండి, మళ్లీ మూయకండి, వెనకొచ్చేవాళ్లకి ఉపకారం. గొర్రెలు రోడ్డెక్కితే ‘ఎంత సహజంగా ఉన్నాయో’ అని వీడియో తీయండి. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలతో ఉన్న గొర్రెల మధ్యనుంచి గంట కొడుతూ పోతే వీడియో ఇంకా బాగా వస్తుంది. పొడుగు జుట్టు హైలాండ్ ఆవు పక్కన దూడ ఉంటే తల్లీపిల్లల మధ్యలో నిలబడి సెల్ఫీ దిగాలి. ఆ తర్వాత కాలికి బుద్ధి చెప్పాల్సి వస్తుంది. రోజంతా దాచుకున్న ఓపిక అందుకే.

పశువులు దాటకుండా రోడ్డుకి అడ్డంగా ఇనపగొట్టాలు పరిచిన కేటిల్ గ్రిడ్లు తగులుతాయి. తడిగా ఉన్నప్పుడు ఐమూలగా, బ్రేకు పట్టుకుని దాటండి.

12. నమ్మకం డబ్బా

పల్లె ఇళ్ల గేట్ల దగ్గర చిన్న చెక్కపెట్టె ఉంటుంది. లోపల కోడిగుడ్లు, కేకు ముక్కలు, పాలకోవాని గట్టిపరిస్తే వచ్చేలాంటి టాబ్లెట్ అనే మిఠాయి, పక్కన డబ్బులు వేయడానికి రేకు డబ్బా. మనిషి ఉండడు. ముందు పెద్ద ముక్క ఎంచుకోండి. తర్వాత జేబులన్నీ తడుముకోండి. డబ్బాని ఒకసారి గలగలలాడించండి, దూరానికి అది డబ్బు వేసిన చప్పుడులాగే వినిపిస్తుంది. ‘కార్డు మెషిన్ పెట్టుకోకపోతే ఎలా బాగుపడతారు వీళ్లు’ అని పల్లె ఆర్థికవ్యవస్థ గురించి రెండు మాటలు చెప్పి జారుకోండి. వంటింటి కిటికీలోంచి ఒక ముసలమ్మ చూస్తూనే ఉంటుంది. తర్వాతి ఊళ్లో టీ కొట్టు నడిపేది ఆవిడ చెల్లెలు కావడం, మీరు అక్కడికి చేరేలోపు ఫోను వచ్చి ఉండటం పల్లెల్లో మామూలే. మెతక మిత్రుణ్ని ముందు లోపలికి పంపండి.

13. బిల్లు వచ్చే వేళ

స్కోన్, పప్పు సూపు, టనాక్స్ కారమెల్ వేఫర్, ఐరన్ బ్రూ. ఏదీ వదలకండి, తొక్కినదానికి మూడింతలు తినడం ఆరోగ్యం. బిల్లు వస్తున్నప్పుడు బాటిల్ నింపుకోడానికి లేవాలి. చిన్న బాటిల్ అయితే త్వరగా నిండిపోతుంది, రెండు లీటర్లది పట్టుకెళ్లండి.

దారిలో విస్కీ తయారుచేసే చోట్లు తగిలితే లోపలికి వెళ్లి రుచి చూడండి. బండి నడిపేవాళ్లకి చాలాచోట్ల వాళ్ల వంతు చిన్న సీసాలో పోసిస్తారు, ఇంటికెళ్లాక తాగమని. మలుపు తిరగ్గానే ఇల్లు వచ్చినట్టే భావించండి. తాగి సైకిల్ తొక్కడం కూడా నేరమేనని 1988 రోడ్డు ట్రాఫిక్ చట్టంలో ఉంది. చట్టాన్ని ఎలా చదవాలో పైన చెప్పాను.

14. సాయంత్రం నీళ్ల ఒడ్డున విశ్రాంతి

జూలై సాయంత్రం, మబ్బు, చినుకు ఆగిన తర్వాతి ఉక్క, ఆకు కదలని గాలి. లోక్ ఆర్డ్ ఒడ్డున చెట్ల కింద ఆగడానికి ఇదే సమయం. అక్కడ మిడ్జ్ అనే పురుగు ఉంటుంది, నువ్వు గింజలో సగం కూడా ఉండదు. కుట్టేవి ఆడవే. గాలి గంటకి 11 కిలోమీటర్లు దాటితే అవి ఎగరలేవు, అందుకని గాలి తగలని పల్లం ఎంచుకోవాలి. తలకి కట్టుకునే వల, ఒంటికి రాసుకునే మందు కొట్లలో అమ్ముతారు. పిరికివాళ్లు కొంటారు.

వాటికి మనిషి ఊపిరి దారి చూపిస్తుంది. ఎవడు ఎక్కువ రొప్పుతుంటే వాడి చుట్టూ మూగుతాయి. రోజంతా గాలి మోసింది ఎవరో గుర్తుందిగా? అతని పక్కన పది అడుగుల దూరంలో, ఊపిరి బిగబట్టి కూర్చోండి. ఎంతసేపు బిగబట్టగలరన్నది మీ యోగాభ్యాసాన్నిబట్టి ఉంటుంది. తట్టుకోలేకపోతే పక్కనే నడుమెత్తు బ్రాకెన్ పొదల్లో పడుకోండి. అందులో మిడ్జ్‌ల బదులు పిడుదులుంటాయి, అవి చప్పుడు చెయ్యవు.

15. ఫోను ఒకరికి, పేరు మనకి

దూరం, వేగం నమోదు చేసే యాప్ మీ ఫోనులో ఆన్ చేసి, ‘బ్యాటరీ వేడెక్కుతోంది, కాస్త నీ సంచిలో ఉంచన్నా’ అని ముందుపోయేవాడికి ఇచ్చేయండి. మీరు కాఫీ తాగుతుండగా మీ ఫోను డ్యూక్స్ పాస్ ఎక్కి దిగుతుంది. సొమ్మొకడిది, సోకొకడిది. ఫోను అతని దగ్గరుంటే దారి తప్పినప్పుడు మ్యాపు చూడటం, 999కి కొట్టడం కుదరవు. దారి తప్పడం గురించి ముందే ఆలోచించడం అపశకునం కాబట్టి వదిలేయండి. తిరుగురైలు ఎక్కేముందు మాత్రం యాప్ ఆపడం మరవకండి. గంటకి వంద కిలోమీటర్ల వేగంతో మీరు గ్లాస్గోలో దూరినట్టు చూపిస్తే పెద్ద మనసున్న మిత్రులు కూడా రెండోసారి చూస్తారు. ఆ రైలు తప్పిపోతే ఈ బెంగ కూడా లేదు.

16. మోకాలు

ఇంటికి చేరిన రాత్రే వచ్చే ఆదివారం ఎటు అని మెసేజీలు మొదలవుతాయి. వెంటనే ‘పిలవండి, రెడీ’ అని అందరికంటే ముందు జవాబివ్వండి. సైకిల్ బురదతోనే వెనక్కివ్వండి, తుడిస్తే పెయింటు పాడవుతుందని విన్నట్టు చెప్పండి. మంగళవారం మెట్లు దిగేటప్పుడు ఒకసారి గోడ పట్టుకోండి. బుధవారం కుంటడం మొదలుపెట్టండి. ఏ కాలు కుంటుతున్నారో ఎక్కడైనా రాసిపెట్టుకోండి, గురువారం కుడికాలు, శుక్రవారం ఎడమకాలు అయితే మెతకవాడు కూడా గమనిస్తాడు. శనివారం రాత్రి తొమ్మిది దాటాక, వాళ్లు మీకోసం పడవ టికెట్టు కూడా తీసేశాక, ఫోను చేసి మెల్లగా మొదలుపెట్టండి: ‘అన్నా, నీ సైకిల్ సీటు కాస్త కిందికుందేమో చూశావా?’